భుజం మీది రంగుతాడు: చూసి ఎలా గుర్తుపట్టాలి, ఎలా వేసుకోవాలి

పైడితల్లి సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసుకుని నిలబడండి. సిరిమాను కదిలేదాకా ఎలాగూ గంటలు గంటలు కాళ్లు పీకేలా నిలబడాల్సిందే కదా, ఆ టైంలో జనం మొహాలు కాకుండా భుజాలు చూడండి. బందోబస్తుకొచ్చిన పెద్ద పోలీసాఫీసరు భుజం నుంచి ముదురు నీలం తాడు ఒకటి జేబులోకి దిగి ఉంటుంది. బట్టల షాపు ముందు నిలబడ్డ సెక్యూరిటీ గార్డుకి ఎర్రది. ఇక బ్యాండుమేళం వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, రెండు భుజాలకీ బంగారు రంగు తాళ్లు, కుచ్చులు, అన్ని తాళ్లు మన ఆర్మీ చీఫ్‌కి కూడా ఉండవు.

చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఒకటి కాదు. జనవరి 26 దగ్గర పడిందంటే మా వీధిలో పిల్లలు ఇస్త్రీ చేసిన చొక్కా ఒక చేత్తో, చిక్కుపడ్డ తాడు ఇంకో చేత్తో పట్టుకుని మా గుమ్మం ముందుకొస్తారు. నాకు తెలిసిందల్లా శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు మూడేళ్లు చేసిన ఎన్‌సీసీ, ఆ తర్వాత ఆర్టిలరీలో పనిచేసి వచ్చిన మా అన్నయ్య దగ్గర విన్నది, దానికి తోడు చదువుకున్నది. ప్రతి ఏడాదీ ఒకటే పాఠం చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నా.

ముందు తాడు చివర చూడండి, రంగు కాదు

అందరూ రంగుతో మొదలుపెడతారు, అక్కడే తప్పు పోతుంది. తాడు ఎక్కడికి పోతోందో చూడండి. ఒక చివర భుజం చుట్టూ తిరిగి, రెండో చివర జేబులోకి పోతే అది పనితాడు. ఇంగ్లీషులో లాన్యార్డ్, పోలీసుల్లో విజిల్ కార్డ్, డ్రిల్ నేర్పే ఉత్తరాది ఉస్తాదులు సీటీ డోరీ అంటారు. జేబులో ఆ చివర విజిల్ ఉంటుంది, లేదా ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు చాలామంది జేబుల్లో ఏమీ ఉండదు, తాడొక్కటే మిగిలింది.

చివర జేబులోకి పోకుండా ఛాతీ మీద వేలాడుతూ, కొసల్లో సూదిలాంటి లోహపు మొనలు ఉంటే అది వేరే జాతి. దాని పేరు ఎగ్విలెట్. ఫ్రెంచిలో సూదిని ఎగ్వీ అంటారు, పేరు అక్కడినుంచే వచ్చింది. బంగారు జరీతో అల్లిన ఆ తాడు గవర్నర్ వెనకాల రెండడుగుల దూరంలో నిలబడే ఏడీసీ, అంటే ఆయన వెన్నంటి ఉండే సహాయక ఆఫీసరు, భుజం మీద కనబడుతుంది. దీని పుట్టుక గురించి కథలు బోలెడు: ఉరితాడు, దాన్ని కొట్టే మేకు అని ఒకరు, దొరగారికి రాయడానికి ఏడీసీ పెన్సిల్ కట్టుకుని తిరిగేవాడని ఇంకొకరు. వినడానికి బాగుంటాయి గానీ, ఇనప కవచాన్నీ బట్టల్నీ ఒంటికి బిగించుకోవడానికి మొనలున్న తాళ్లు వాడేవారన్న మాటే నాకు నమ్మబుద్ధవుతుంది. మన బూటు లేసు చివర ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, అదే పని.

మూడో రకానికి చేతికి చంక కిందుగా చుట్టిన ఉచ్చు ఉంటుంది, జేబుతో పని లేదు, విజిల్ లేదు. అది ఒక దళానికి దక్కిన గౌరవమో, ఒక శాఖ గుర్తో అయ్యుంటుంది. మన దగ్గర తక్కువ గానీ ఫ్రెంచి, అమెరికా సైన్యాల ఫొటోల్లో తరచూ కనబడుతుంది. దాని సంగతి కింద చెప్తా.

ఇంతకీ పనితాడు చేసిన పనేంటి? ఫిరంగుల దగ్గర మొదలైందని చెప్తారు. ఫిరంగిని గుర్రాలు లాగే రోజుల్లో గన్నర్ దగ్గర ఒక కత్తి ఉండేది, దానికి గుర్రం గిట్టలో ఇరుక్కున్న రాయి తీసే మొన ఉండేది, గుండుకి ఫ్యూజు బిగించే తాళంచెవి లాంటి పనిముట్టు కూడా ఉండేది. బురదలో, పొగలో అవి చెయ్యిజారితే మళ్లీ దొరకవు. అందుకని తాడుతో భుజానికి కట్టుకునేవాళ్లు. మా వైపు కల్లు గీసేవాళ్లు మొలకి కత్తి కట్టుకోవడం చూశారుగా, అదే లెక్క. కాల్పులు ముగిశాక తాడు ఊరికే ఉంటుంది కదా, దాన్ని తెల్లగా మెరిపించి పెరేడ్‌కి వేసుకోవడం మొదలైంది.

తెల్ల లాన్యార్డ్ అంటే పిరికితనం గుర్తు, ఎప్పుడో ఫిరంగులు వదిలేసి పారిపోయారు కాబట్టి శిక్షగా వేశారు అని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. బ్రిటిష్ ఆర్టిలరీ వాళ్లని మిగతా దళాల వాళ్లు ఏడిపించడానికి పుట్టించిన కథ అది, నిజం కాదు. ఈ మాట మా అన్నయ్య ముందు అన్నారంటే భోజనం మధ్యలో లేచిపోతాడు.

తర్వాత ఏ భుజమో చూడండి

కుడా ఎడమా అన్నది అలంకారం కాదు, అదే సగం అర్థం. అమెరికాలో అధ్యక్షుడి దగ్గర పనిచేసే సైనిక సహాయకులు బంగారు తాడు కుడి భుజాన వేసుకుంటారు, మిగతా జనరళ్ల సహాయకులు ఎడమకి. తాడు అదే, పక్క మారితే యజమాని మారిపోయినట్టే.

మన సైన్యంలో కుడి భుజం మీద గర్వంగా చూపించుకునే తాడంటే గఢ్వాల్ రైఫిల్స్ వాళ్ల ఎర్ర తాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 39వ గఢ్వాల్ రైఫిల్స్ ఫ్రాన్స్‌లో పోరాడింది. 1914లో ఫెస్టుబర్ట్ దగ్గర దర్వాన్ సింగ్ నేగీకి, 1915లో నవ్ షపెల్ దగ్గర ప్రాణాలొదిలిన గబ్బర్ సింగ్ నేగీకి విక్టోరియా క్రాస్‌లు వచ్చాయి. 1921లో ఆ రెజిమెంటుకి రాయల్ అనే బిరుదు ఇచ్చారు, కుడి భుజాన మెలేసిన ఎర్ర తాడు వేసుకునే హక్కూ ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక రాయల్ అన్న మాట పోయింది, తాడు మాత్రం పోలేదు. రైలు ప్లాట్‌ఫారం మీద ఎప్పుడైనా పొట్టిగా, గట్టిగా ఉండే ఒక జవాను కుడి భుజం మీద ఎర్ర తాడు కనబడితే, ఇప్పుడు ఆ తాడు కథ మీకు తెలుసు.

రంగు సంగతి ఆఖర్న

రంగుకి ఎక్కడ చూసినా ఒకే అర్థం ఉంటుందనుకోకండి. ఎరుపు అంటే ధైర్యం, నీలం అంటే విధేయత అంటూ పట్టికలు తిరుగుతుంటాయి, వాటిని నమ్మకండి. రంగుకి అర్థం ఇచ్చేది ఆ దేశం, ఆ దళం, ఆ ఉత్తర్వు. అంతే.

ఉదాహరణకి లేత నీలం. అమెరికా పదాతి దళంలో, అంటే కాలినడకన పోరాడేవాళ్లలో, శిక్షణ పూర్తి చేసినవాళ్లు కుడి భుజాన లేత నీలం తాడు వేసుకుంటారు. అది 1952లో వచ్చింది, కొరియా యుద్ధం నడుస్తున్న రోజులు. అందరికంటే ఎక్కువ చచ్చేదీ బురదలో పడుకునేదీ పదాతి దళమే, పేరు మాత్రం విమానాల వాళ్లకీ ట్యాంకుల వాళ్లకీ వస్తోందని వాళ్లకి గుర్తింపుగా పెట్టారు. జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో శిక్షణ ముగింపులో ఆ తాడు భుజానికి తగిలించే తంతు ఒకటుంది, తల్లో తండ్రో భార్యో వచ్చి స్వయంగా తగిలించొచ్చు. ఈ ఒక్క విషయంలో వాళ్లని మెచ్చుకోవచ్చు. మన దగ్గరా అమ్మానాన్నా వచ్చి భుజాన నక్షత్రాలు పెడతారుగా, అలాంటిదే. మీ బంధువుల అబ్బాయి అమెరికా సైన్యంలో చేరి అలాంటి ఫొటో వాట్సాప్‌లో పెడితే, ఏదో మెడలు వంచే ఆఫీసరైపోయాడని ఊరంతా చెప్పకండి, పదాతి దళం సిపాయి అయ్యాడని చెప్పండి, అది చిన్న విషయమేం కాదు.

ఇందాక చెప్పిన మూడో రకంలోదే ఫ్రెంచి వాళ్ల ఫూరజేర్, దాని సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎడమ భుజం. 1916లో, యుద్ధం మధ్యలో పెట్టిన పద్ధతి. ఇది మనిషికి కాదు, దళానికి. సైన్యం స్థాయి ఉత్తర్వుల్లో ఒక దళం పేరు రెండుసార్లు మెచ్చుకోలుగా వస్తే ఆకుపచ్చ, ఎరుపు కలిసిన తాడు. నాలుగుసార్లు వస్తే పసుపు, ఆకుపచ్చ. ఆరుసార్లు వస్తే ఎరుపు. ఈ రంగులు ఎక్కడినుంచో రాలేదు, ఆయా పతకాలకి ఉండే రిబ్బన్ల రంగులే. అమెరికా మెరైన్లలో 5వ, 6వ రెజిమెంట్లు 1918 నాటి పోరాటాలకి ఆకుపచ్చ-ఎరుపు తాడు సంపాదించాయి, నూరేళ్లు దాటినా ఆ రెజిమెంట్లలో ఇవాళ చేరిన కుర్రాడు కూడా వేసుకుంటాడు. కానీ వేరే దళానికి బదిలీ అయ్యాడా, తీసేయాల్సిందే. అప్పట్లో ఆ పోరాటాల్లో ఉన్నవాళ్లకి మాత్రమే అది జీవితాంతం సొంతం. మన ఇళ్లల్లో ఉమ్మడి ఆస్తి లాంటిది, ఇంట్లో ఉన్నన్నాళ్లు అనుభవించు, వేరుపడితే వదిలెయ్యి.

మన సైన్యంలో లాన్యార్డ్ రంగులు రెజిమెంటు చెప్తాయి. అందుకే ఒక విచిత్రం జరిగింది. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆపై ర్యాంకుల వాళ్లందరికీ ఒకే రకం యూనిఫాం పెట్టారు, టోపీ, బెల్టు, బూట్లు అన్నీ ఒకటే, లాన్యార్డ్ అసలు లేదు. ఎందుకంటే ఆ స్థాయికి వచ్చాక నాది ఫలానా రెజిమెంటు అనే గీత ఉండకూడదని. అంటే ఒక చిన్న తాడు తీసేస్తే గానీ ఆ గీత చెరగదని సైన్యమే ఒప్పుకున్నట్టు. ఈ సంగతి మా అన్నయ్యకి చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఏటో, మన తాడు మనకుంటే చాల్లే" అన్నాడు.

పోలీసుల్లో ఐపీఎస్ అధికారులకి ముదురు నీలం. కింది ర్యాంకుల్లో రంగులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, కాబట్టి విజయనగరంలో చూసింది బరంపురంలో వర్తిస్తుందనుకోకండి. ఎన్‌సీసీకి మూడు రంగులు, ఎరుపు సైన్యానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వాయుసేనకి. ఎన్‌సీసీ జెండాలోనూ ఇవే.

ఇప్పుడు వేసుకోవడం

చొక్కా ఇస్త్రీ అయ్యాకే తాడు ముట్టుకోండి. తాడు తగిలించిన చొక్కాని ఇస్త్రీ చేస్తే నైలాన్ అయితే పెట్టెకి అంటుకుంటుంది, నూలు అయితే దాని అచ్చు చొక్కా మీద పడుతుంది.

ఏ భుజానికో మీ ఏఎన్‌వోనో (కాలేజీలో ఎన్‌సీసీ చూసే లెక్చరర్), పీఐ స్టాఫ్‌నో (సైన్యం నుంచి వచ్చి నేర్పేవాళ్లు) అడిగి తెలుసుకోండి. సీనియర్ ఫొటో చూసి వేసుకోకండి, సెల్ఫీ అయితే ఎడమ కుడీ తారుమారై ఉండొచ్చు. నవ్వకండి, నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఏటా కనీసం ఒకరు ఇలా బోల్తా పడతారు.

భుజం మీది ఫ్లాప్ బొత్తం విప్పండి. తాడులో పెద్ద ఉచ్చు ఉంటుంది, చెయ్యి దూర్చి భుజం కుట్టు దాకా ఎక్కించండి. అల్లిక లావుగా ఉన్న భాగం బయటికి కనబడాలి, ముడి గానీ జారే పూస గానీ ముందుకి రావాలి, వీపు వైపు పోకూడదు. ఫ్లాప్‌ని తాడు మీదుగా వేసి బొత్తం పెట్టండి. ఇక ఒంటి పోగు కిందికి దిగుతుంది. అది ఛాతీ మధ్యలోంచి అడ్డంగా పోకుండా, చంక పక్కగా జారి, అదే వైపు జేబు ఫ్లాప్ కిందికి పోవాలి. కుడివైపు నేమ్‌ప్లేట్ ఉంటుంది, ఎడమవైపు పతకాల రిబ్బన్లు, ఏ పక్క అయినా వాటి మీద తాడు పడకూడదు. విజిల్ జేబులో పెట్టి జేబు బొత్తం పెట్టేయండి, రింగు బయటికి కనబడితే అసహ్యంగా ఉంటుంది.

పొడుగు ఎంతుండాలి? కొనేముందు ఇంట్లో ఒక దారం తీసుకుని భుజం కుట్టు నుంచి జేబు అడుగు దాకా కొలిచి, నాలుగు వేళ్లు కలపండి. ఆ నాలుగు వేళ్లే ప్రాణం. వేసుకున్నాక అద్దం ముందు నిలబడి సెల్యూట్ కొట్టి చూడండి, చెయ్యి పూర్తిగా లేచినప్పుడు తాడు జేబుని పైకి లాగుతోందంటే పొట్టిది. చెయ్యి దించినప్పుడు మోచెయ్యి దాకా వేలాడుతోందంటే పొడుగుది, మార్చ్‌లో చెయ్యి ఊపేటప్పుడు బొటనవేలు అందులో ఇరుక్కుంటుంది. ఈ రెండూ పెరేడ్ గ్రౌండ్‌లో తెలిసేకన్నా ఇంట్లో తెలియడం మేలు. జారిపోతుంటే ఫ్లాప్ అడుగున, పైకి కనబడకుండా, తాడు రంగు దారంతోనే రెండు కుట్లు వేయండి. పిన్నీసు వద్దు, సావధాన్‌లో అరగంట నిలబడ్డాక అది ఎక్కడ గుచ్చుకుంటుందో మీకే తెలుస్తుంది.

నా కథ ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది నాకు లాన్యార్డ్ ఇచ్చినప్పుడు, అంత అందమైన తాడు సగం చంక కిందే దాక్కుంటోందేంటి అని బాధేసి, రెండు మడతలు వేసి ఛాతీ మీద మామిడి తోరణంలా వంపు తిప్పి, ఇంకో కొస గుండీకి కట్టుకుని వెళ్లా. మా అమ్మ గుమ్మం దగ్గరే చూసి "ఏట్రా గుంటడా అది, పెళ్లికెల్తన్నావా" అంది. వినలేదు. గ్రౌండ్‌లో ఉస్తాద్ నా ముందు ఆగి, కింది నుంచి పైదాకా చూసి, హిందీలో ఒకే ప్రశ్న అడిగాడు: "ఏ బ్యాండ్ పార్టీ నుంచి వచ్చావ్?" తర్వాత గ్రౌండ్ చుట్టూ ఎన్ని రౌండ్లు తిరిగానో లెక్క లేదు. మిగతా రెండేళ్లూ నన్ను బ్యాండ్ అనే పిలిచారు.

ఉతకడం, దాచడం

రంగుతాడుని చొక్కాతో కలిపి నానబెట్టకండి. ఎరుపు వదులుతుంది, అదీ మొదటి రెండు ఉతుకుల్లో. నేవల్ వింగ్‌లో ఉండే నా ఫ్రెండు తెల్ల చొక్కా ఇలాగే గులాబీ రంగైపోయింది, వాడు పెరేడ్‌కి ఎవరిదో అరువు తెచ్చుకుని వేసుకున్నాడు. మగ్గులో చన్నీళ్లు, కాస్త షాంపూ, అయిదు నిమిషాలు, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి, నీడలో ఆరబెట్టండి. వేలాడదీయకండి, తడి బరువుకి సాగుతుంది. చివర పోగులు ఊడుతుంటే నైలాన్ అయితే అగ్గిపుల్ల ఒక్క క్షణం చూపించండి, కరిగి ముద్దకడుతుంది, నూలు అయితే అగ్గి వద్దు, సన్న దారంతో బిగించి చుట్టండి.

బ్రాసో పాలిష్‌తో బక్కిల్, బ్యాడ్జీ రుద్దేటప్పుడు తాడు పక్క గదిలో ఉండాలి. ఆ నల్ల మడ్డి ఒకసారి నూలుకి అంటితే ఏం చేసినా పోదు.

కొనేముందు ఒక మాట

పోలీసుకీ మిలటరీకీ సామాన్లు అమ్మే దుకాణాల్లో డబ్బులిస్తే ఏ తాడైనా ఇస్తారు. మీకు ఇచ్చిన తాడు కాకుండా ఇంకోటి, అందులోనూ సైన్యానిది, బాగుంది కదా అని వేసుకుని తిరగకండి. సైన్యంలో లేని మనిషి, సైనికుడని నమ్మించాలని సైనికుల దుస్తుల్లాంటివి గానీ గుర్తుల్లాంటివి గానీ వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నమ్మించాలనే ఉద్దేశం ఉంటేనే నేరం, కాబట్టి బడిలో ఫ్యాన్సీ డ్రెస్‌కి మీ బుడ్డోడికి బంగారు తాడు కట్టారని ఎవరూ పట్టుకుపోరు, పెళ్లి బ్యాండు వాళ్ల జోలికీ ఎవరూ రారు. కానీ కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆర్మీ ర్యాలీకి పరుగెత్తడానికి పోతూ ముందే యూనిఫాం కొనుక్కుని, లాన్యార్డ్ తగిలించి ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టే కుర్రాళ్లున్నారు చూడండి, వాళ్లకి చెప్తున్నా, ఆగండ్రా బాబూ. సెలెక్ట్ అయితే వాళ్లే ఇస్తారు. కాకపోతే ఆ ఫొటో చూసినప్పుడల్లా మీకే మండుతుంది.

సర్వీసు నుంచి వచ్చేసిన పెద్దవాళ్లు ఇంట్లో దాచుకున్న తాడు వేరే సంగతి. మడతపెట్టకండి, మడత దగ్గరే నూలు చివుకుతుంది. అరచేతికి చుట్టి తీసి, ఆ చుట్టని పాత నూలు గుడ్డలో పెట్టండి. మన సముద్రపు గాలికి విజిల్ తుప్పు పడుతుంది, ఆ తుప్పు తాడుకి ఎక్కుతుంది, అందుకని విజిల్ విప్పి వేరుగా పెట్టండి. మా అన్నయ్య తాడు ఇప్పటికీ బీరువాలో అమ్మ పట్టుచీర పక్కనే ఉంటుంది, నాఫ్తలీన్ ఉండల వాసనతో.

పెరేడ్ ముందురోజు సాయంత్రం ఆ విజిల్ ఒకసారి ఊది చూడండి. లోపల చిన్న గోళీ ఉండే రకం అయితే ఏడాది పాటు వాడకపోతే అది ఒక మూలకి అంటుకుపోయి ఉంటుంది, ఊదితే గాలి వస్తుంది గానీ మోత రాదు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు వేసి గట్టిగా విదిలిస్తే వదులుతుంది. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఊదకండి, మా వీధిలో గూర్ఖా వచ్చాడనుకుని ఎదురింటి మామ్మ డబ్బులు పట్టుకుని బయటికొచ్చేసింది.